‘సీపీ’ అని రాసే ముందు ఒక చిన్న మాత్ర

‘డోపమైన్’ ఇప్పుడు ఇంటింటి మాట. రీల్స్ చూస్తూ గంటలు గడిపే కొడుకును చూసి తండ్రి ‘అంతా డోపమైన్ మాయ’ అని విసుక్కుంటాడు. ఆ కొడుకే రెండ్రోజులు ఫోన్ పక్కన పడేసి ‘డోపమైన్ డీటాక్స్ చేస్తున్నా’ అంటాడు. సంతోషానికీ, వ్యసనానికీ, బద్ధకానికీ అన్నిటికీ దాన్నే బాధ్యురాలిని చేసేస్తున్నాం. కానీ ఈ రసాయనం మన ఒంట్లో రోజూ చేసే మరో పెద్ద పని మాత్రం ఎవరికీ గుర్తురాదు. అది మనల్ని నడిపిస్తుంది. అడుగు ముందుకు వేయాలన్నా, గ్లాసు ఎత్తి నీళ్లు తాగాలన్నా, కూర్చున్నచోటు నుంచి తూలకుండా లేవాలన్నా మెదడు లోతుల్లో తగినంత డోపమైన్ ఉండాలి. అది తగ్గిపోతే ఏమవుతుందో ఇంట్లో పార్కిన్సన్స్ జబ్బుతో ఉన్న పెద్దవాళ్లను చూసుకునేవారికి బాగా తెలుసు.

పార్కిన్సన్స్ ఎక్కువగా పెద్ద వయసులో వచ్చే సమస్య. మరి పుట్టుకతోనే డోపమైన్ తక్కువైతే? ఆ బిడ్డ ఎలా నడుస్తుంది? అసలు నడుస్తుందా? ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది అలాంటి పిల్లల గురించే. వీళ్లు చాలా అరుదు. అయినా ఇంత చోటు కేటాయించటానికి కారణం ఉంది. వీళ్లలో ఎందరికో ‘సెరిబ్రల్ పాల్సీ’ అన్న ముద్ర పడుతోంది. ఆ ముద్ర పడ్డాక ఫైలు ఇక మారదు. ఫిజియోథెరపీ, కాలిపర్లు, ఆపరేషన్లు, వికలాంగుల సర్టిఫికెట్, చక్రాల కుర్చీ... ఇలా దారి ముందే ఖరారైపోతుంది. మందుల షాపుల్లో ఎన్నో ఏళ్లుగా దొరుకుతున్న ఒక చౌక మాత్ర వీళ్లలో కొందరిని లేపి నడిపించగలదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

గొలుసులో తొలి మెట్టు

పప్పు, పాలు, గుడ్డు, వేరుశనగలు... ప్రోటీన్ ఉన్నది ఏది తిన్నా అందులోంచి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఒంట్లోకి చేరుతుంది. కొన్ని ప్రత్యేకమైన నాడీకణాలు దీన్ని తీసుకుని మొదట ‘ఎల్-డోపా’గా మారుస్తాయి. ఎల్-డోపా నుంచి డోపమైన్, డోపమైన్ నుంచి నార్‌అడ్రినలిన్, దాన్నుంచి అడ్రినలిన్ తయారవుతాయి. ఈ మూడింటినీ కలిపి కాటెకాలమైన్లు అంటారు. కదలిక, ఏకాగ్రత, రక్తపోటు, గుండె వేగం, ప్రమాదం ఎదురైతే పరుగు తీసే శక్తి... వీటన్నిటి వెనకా ఉండేది ఇవే.

ఈ గొలుసు మొత్తానికి తొలి మెట్టు టైరోసిన్‌ను ఎల్-డోపాగా మార్చటం. ఆ పని చేసే ఎంజైమ్ పేరు టైరోసిన్ హైడ్రాక్సిలేజ్. పేరు నోరు తిరగదు గానీ పని చాలా తేలిగ్గా అర్థమవుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవారికి పంతంగి టోల్‌ప్లాజా అనుభవమే కదా! వెనక ఎన్ని వేల కార్లు వచ్చి నిలిచినా, ముందు రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా, గంటకు ఎన్ని బండ్లు దాటాలన్నది తేల్చేది ఆ గేటే. కాటెకాలమైన్ల తయారీలో ఈ ఎంజైమ్‌ది సరిగ్గా ఆ పాత్ర. గొలుసులో అన్నిటికన్నా నిదానమైన మెట్టు ఇదే. డోపమైన్ ఎక్కువైతే ఆ డోపమైనే వెనక్కి వచ్చి ఈ గేటును కాస్త మూస్తుంది కూడా.

టైరోసిన్ మాత్రలు వేసుకుంటే మెదడు చురుగ్గా పనిచేస్తుందంటూ ఆన్‌లైన్‌లో డబ్బాలు అమ్ముతుంటారు. మామూలుగా తిండి తినేవాళ్లలో ఈ ఎంజైమ్‌కు కావాల్సినంత టైరోసిన్ ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. వెనక ఇంకో వెయ్యి కార్లు చేరినంత మాత్రాన గేటు వేగంగా తెరుచుకోదు కదా! ఇక అసలు విషయానికి వద్దాం.

ఈ గేటు సరిగ్గా పనిచేయాలంటే ఇనుము, ఆక్సిజన్‌లతో పాటు టెట్రాహైడ్రోబయోటెరిన్ అనే ఒక సహాయక పదార్థం కావాలి. వైద్యులు పొట్టిగా ‘బీహెచ్4’ అంటారు. దీన్ని ఒళ్లే తయారుచేసుకుంటుంది, అందుకు వేరే ఎంజైములున్నాయి. కాబట్టి తేడా రెండు చోట్ల రావొచ్చు. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్‌ను తయారుచేసే జన్యువే లోపంతో ఉండొచ్చు. లేదా అది బాగానే ఉన్నా బీహెచ్4ను తయారుచేసే జన్యువుల్లో లోపం ఉండొచ్చు. ఎక్కడ తేడా వచ్చినా మెదడుకు డోపమైన్ అందదు.

జపాన్‌కు చెందిన తోషిహారు నగత్సు 1964లో అమెరికాలో పనిచేస్తుండగా, సహచరులతో కలిసి ఈ ఎంజైమ్‌ను కనుగొన్నారు. మరి కొన్నేళ్లకు, 1970ల్లో, టోక్యోలో మసాయా సెగావా అనే పిల్లల నాడీ వైద్యుడు ఒక వింత జబ్బును వర్ణించారు. పొద్దున లేచినప్పుడు బాగానే నడిచే పిల్లలు సాయంత్రానికి కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నారు. కొద్దిపాటి ఎల్-డోపా ఇస్తే చాలు, మామూలుగా తిరుగుతున్నారు. దీన్నే ఇప్పటికీ ‘సెగావా జబ్బు’ అంటారు. దానికి కారణమైన జన్యులోపాన్ని 1994లో పట్టుకున్న బృందంలో ఆ నగత్సూ ఉన్నారు! ముప్ఫై ఏళ్ల తర్వాత తన ఎంజైమ్ దగ్గరికే తిరిగొచ్చారన్నమాట. సెగావా జబ్బులో లోపం బీహెచ్4 తయారీలో మొదటి అడుగు వేసే ఎంజైమ్‌లో ఉంది. ఆ మరుసటి ఏడాదే, 1995లో, టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ జన్యువులోనే లోపం ఉన్న కుటుంబాలూ బయటపడ్డాయి.

పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా

జబ్బు ఎలా కనబడుతుంది? తేలికపాటి రకంలో బిడ్డ పుట్టినప్పుడు అంతా బాగానే ఉంటుంది. సమయానికే కూర్చుంటుంది, నిలబడుతుంది, నడుస్తుంది కూడా. అయిదారేళ్ల వయసులోనో, ఇంకాస్త ముందో వెనకో ఒక కాలు లోపలికి తిరగటం మొదలవుతుంది. బిడ్డ మునివేళ్ల మీద నడుస్తుంటుంది. ఉన్నట్టుండి పడిపోతుంది. స్కూలు నుంచి వచ్చేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. రాత్రి నిద్రపోయి లేచాక మళ్లీ చాలావరకు బాగుంటుంది. కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలితిరగటాన్ని డిస్టోనియా అంటారు. సాయంత్రానికి పెరిగి, నిద్ర తర్వాత తగ్గే డిస్టోనియా అంటే ఈ జబ్బును అనుమానించాల్సిందే. ఉన్న కాస్త డోపమైన్ నిద్రలో కొంత కూడుతుంది, పగలంతా ఖర్చయిపోతుంది. నెలాఖరుకు జీతం అయిపోయినట్టు!

ఇక్కడే ఇళ్లలో ఒక అన్యాయం జరుగుతుంది. ‘పొద్దున బాగానే పరిగెత్తావుగా, ఇప్పుడేమైంది?’ అని గద్దిస్తాం. హోంవర్క్ తప్పించుకోవటానికి నాటకాలాడుతోందనుకుంటాం. కొందరికి దిష్టి తీస్తాం. కాస్త పెద్ద పిల్లలైతే మానసిక సమస్య అని కూడా తేల్చేస్తారు. ఆ పిల్ల నిజం చెబుతోంది. సాయంత్రానికి నిజంగానే కాలు దాని మాట వినదు.

టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ బాగా లోపించిన పిల్లల్లో పరిస్థితి ఇంకా కష్టంగా ఉంటుంది. కొన్ని నెలల వయసులోనే మెడ నిలవకపోవటం, ఒళ్లు మెత్తగా వేలాడటం, చేతులు కాళ్లు బిగుసుకుపోవటం కనిపిస్తాయి. కదలికలు చాలా తక్కువగా ఉంటాయి, ముఖంలో భావాలు పలకవు. కనురెప్పలు వాలిపోతాయి, విపరీతంగా చెమట పడుతుంది, చొంగ కారుతుంటుంది. కనుగుడ్లు పైకి తిరిగి నిమిషాలు, ఒక్కోసారి గంటలపాటు అలాగే ఉండిపోతాయి. ఇది చూసి మూర్ఛ అనుకుని ఫిట్స్ మందులు మొదలుపెడతారు, ఒకటికి రెండు, రెండుకు మూడు చేరుస్తారు. ఈఈజీ తీస్తే మాత్రం ఆ సమయంలో మూర్ఛ జాడే ఉండదు.

ఇవన్నీ సెరిబ్రల్ పాల్సీలోనూ కనిపించేవే. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగిరిపడటం కూడా రెండింటిలోనూ ఉండొచ్చు. అందుకే పొరబడటం తేలిక. సెరిబ్రల్ పాల్సీ వెయ్యి మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. డోపాకు లొంగే ఈ డిస్టోనియాలు పది లక్షల మందిలో ఒకరికి కూడా ఉండకపోవచ్చన్నది అంచనా. కిటకిటలాడే ఓపీలో వైద్యుడి మనసు ముందు తరచూ చూసే జబ్బు మీదకే పోతుంది. అందులో తప్పు పట్టటానికేమీ లేదు. అసలు తప్పు ఆ తర్వాత జరుగుతుంది. నాలుగేళ్లు, ఎనిమిదేళ్లు గడిచినా ఆ పేరును ఎవరూ మళ్లీ ప్రశ్నించరు.

ప్రశ్నించటానికి ఆధారాలు ఫైలులోనే ఉంటాయి. సెరిబ్రల్ పాల్సీ అంటే ఎదిగే మెదడుకు ఒకసారి తగిలిన దెబ్బ. నెలలు నిండకుండా పుట్టటం, కాన్పు కష్టమై బిడ్డకు ఆక్సిజన్ అందకపోవటం, పచ్చకామెర్లు తీవ్రం కావటం, మెదడుకు ఇన్ఫెక్షన్... ఇలా ఏదో ఒక కథ సాధారణంగా ఉంటుంది. ఎంఆర్ఐలో ఆ దెబ్బ ఆనవాళ్లు చాలామందిలో కనిపిస్తాయి. ఆ దెబ్బ ఇక పెరగదు. పొద్దున తగ్గి సాయంత్రం ఎక్కువ కావటం దాని లక్షణం కాదు. కాబట్టి నెలలు నిండి, పుట్టగానే ఏడ్చి, ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికొచ్చిన బిడ్డకు, ఎంఆర్ఐ ‘నార్మల్’ అని ఉన్న బిడ్డకు, వచ్చిన విద్యలు పోతున్న బిడ్డకు ‘సీపీ’ అని రాస్తే అక్కడ ఒక ప్రశ్నార్థకం మిగిలి ఉన్నట్టే. నిజమైన సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలోనూ కొందరికి ఎంఆర్ఐ నార్మల్‌గా రావొచ్చు. అంతమాత్రాన అందరికీ డోపమైన్ లోపమని కాదు. మరోసారి ఆలోచించమని మాత్రం ఆ రిపోర్టు చెబుతోంది.

పేపర్లో చదివిన తల్లి

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక కవల జంట కథ వైద్య ప్రపంచంలో బాగా ప్రసిద్ధం. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. రెండేళ్ల వయసులో ఇద్దరికీ సెరిబ్రల్ పాల్సీ అన్నారు. అమ్మాయి పరిస్థితి ఏటికేడాది దిగజారుతూ వచ్చింది. పొద్దున కాస్త నయంగా, పొద్దెక్కేకొద్దీ అధ్వానంగా ఉండేది. తల్లికి ఇది మింగుడుపడలేదు. చదవటం మొదలుపెట్టింది. ఒకరోజు 1991 నాటి ఒక పాత వార్తాపత్రిక కథనం ఆమె కంటపడింది. సెరిబ్రల్ పాల్సీ అని పొరబడిన ఒక అమ్మాయికి నిజానికి ఉన్నది డోపాకు లొంగే డిస్టోనియా అని అందులో ఉంది. అమ్మాయిని నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లారు. ఎల్-డోపా మొదలుపెట్టారు. అంతకుముందు సాయంత్రమైతే నడవలేని పిల్ల లేచి తిరిగింది. తర్వాత తమ్ముడికీ అదే మందు పనిచేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. కొన్నేళ్లకు అమ్మాయికి ఊపిరి సరిగా ఆడని సమస్య వచ్చింది. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు ఇద్దరి జన్యుపటాన్నీ చదివారు. బీహెచ్4 తయారీలో చివరి మెట్టుగా పనిచేసే ఎంజైమ్‌లో లోపం ఉందని తేలింది. బీహెచ్4 డోపమైన్‌కే కాదు, సెరటోనిన్ తయారీకీ కావాలి. కాబట్టి ఎల్-డోపాతో పాటు సెరటోనిన్‌కు ముడిసరుకైన మందును కూడా చేర్చారు. ఆ అమ్మాయి మళ్లీ పరుగు పందేలకు వెళ్లింది. ఈ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. జన్యు పరీక్ష జబ్బు పేరు చెప్పటంతో ఆగకుండా చికిత్సనే మార్చిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

ఇక ఆ మందు సంగతి. ఎల్-డోపా అంటే గేటు దాటాక రోడ్డెక్కే బండి. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే గేటు మూసుకుపోయినా, దాని అవతల నుంచి సరుకు అందిస్తే మిగతా పని మెదడు చేసుకుంటుంది. ఎల్-డోపా మెదడుకు చేరకముందే ఒంట్లో ఖర్చు కాకుండా కార్బిడోపాతో కలిపి ఇస్తారు. పార్కిన్సన్స్‌కు దశాబ్దాలుగా వాడుతున్నది ఈ జంట మందే. అది మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధరపై ప్రభుత్వ నియంత్రణా ఉంది. పార్కిన్సన్స్‌లో డోపమైన్ కణాలే చనిపోతుంటాయి కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ మందు పట్టు తగ్గుతుంది. ఈ పిల్లల్లో కణాలు బతికే ఉంటాయి, వాటికి సరుకే లేదు. అందుకే సెగావా జబ్బులో చిన్న మోతాదే ఏళ్ల తరబడి అలాగే పనిచేస్తుంది.

ఈ మందు కథలో మన మట్టి వాసన కూడా ఉంది. 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి కదలకుండా చేశారు. ఆ తర్వాత ఎల్-డోపా ఇవ్వగానే అవి లేచి తిరిగాయి. డోపమైన్‌కు మెదడులో సొంత పని ఉందని లోకానికి తెలిసింది ఆ ప్రయోగాలతోనే, 2000లో ఆయనకు నోబెల్ వచ్చిందీ ఈ పరిశోధనలకే. ఆ రిసర్పిన్ మన సర్పగంధి వేరు నుంచి తీసింది. ఇక ఎల్-డోపాను దూలగొండి గింజల నుంచి వేరుచేసి 1937లో ప్రకటించింది మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి. చేలగట్ల మీద ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించే ఆ దూలగొండే!

ఇది చదివి దూలగొండి పొడి తెచ్చి పిల్లలకు పట్టించొద్దు. గింజకూ గింజకూ ఎల్-డోపా మోతాదు మారిపోతుంది. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ లోపం ఉన్న పిల్లలు ఈ మందుకు ఎంత సున్నితంగా స్పందిస్తారంటే, మాత్రలో చిన్న ముక్క ఎక్కువైనా చేతులూ కాళ్లూ అదుపు లేకుండా ఆడిపోతాయి. తల్లిదండ్రులు హడలిపోయి ‘మందు పడలేదు’ అని మానేస్తారు. నిజానికి అది మందు పనిచేస్తోందనటానికి గుర్తు కావొచ్చు, మోతాదు తగ్గించి మెల్లగా పెంచుకుంటూ వెళ్లాలంతే. సెగావా జబ్బులో తేడా రోజుల్లో, వారాల్లో కనిపిస్తే తీవ్రమైన రకంలో నెలలు పట్టొచ్చు. కొందరిలో ఫలితం అరకొరగానే ఉంటుంది. అందుకే ఇది పిల్లల నాడీ వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

అందరికీ కాదు, అడగాల్సిన వారికి

మా మాట సూటిగా చెబుతాం. కారణం తేలకుండా ‘సీపీ’ అని రాసిన ప్రతి బిడ్డ విషయంలోనూ, డిస్టోనియా ఉన్న ప్రతి బిడ్డ విషయంలోనూ ‘ఎల్-డోపా ఇచ్చి చూశారా?’ అన్న ప్రశ్నకు ఫైలులో జవాబు ఉండాలి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో కూడా ఉండాలి. నెలలు నిండకుండా పుట్టి, ఎంఆర్ఐలో స్పష్టంగా దెబ్బ కనిపించే బిడ్డకు ఈ పరీక్ష అక్కర్లేదు. ఆ కుటుంబాలకు లేనిపోని ఆశ కల్పించటం క్రూరత్వం. వారికి ఫిజియోథెరపీ, మాట శిక్షణ, బడి... ఇవే మందు. వాటిని ఒక్కరోజు కూడా ఆపొద్దు.

‘అంత అరుదైన జబ్బు కోసం ఇంత హడావుడి ఎందుకు?’ అని కొందరు వైద్యులు అంటారు. ప్రశ్న సబబే. కానీ రెండు పక్కలా తూకం వేయండి. పర్యవేక్షణలో కొన్ని వారాలు మాత్ర వాడి చూసి ఫలితం లేకపోతే ఆపేస్తాం. ఒకవేళ వాడకుండా వదిలేసిన బిడ్డ ఆ కొద్దిమందిలో ఒకరైతే పోయేది ఒక జీవితం. ఇంకో సంగతి. ఇవే కుటుంబాలకు మూలకణ చికిత్స పేరుతో లక్షల రూపాయల ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఎముక మజ్జ మార్పిడితో నయం చేసే రక్త సంబంధ జబ్బుల్లాంటివి తప్ప మిగతావన్నీ ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయని, వాటిని చికిత్సగా అమ్మకూడదని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. రుజువు లేని సూదికి పొలం అమ్ముతున్న ఇంట్లో, రుజువున్న మాత్రను ఎవరూ వాడి చూడకపోవటం ఎంత విడ్డూరం!

ప్రభుత్వానికీ ఇందులో పని ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. ఎదుగుదల లోపాలున్న పిల్లలు చేరేది అక్కడికే. వచ్చిన ప్రతి ‘సీపీ’ బిడ్డ కాగితంలో రెండు ప్రశ్నలు చేరిస్తే చాలు: పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఉందా? ఎంఆర్ఐలో కారణం కనిపించిందా? దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. నవజాత శిశువుల మడమ రక్తపు చుక్క పరీక్షతో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ లోపం దొరకదు, మామూలు రక్తపరీక్షల్లో కూడా దొరకదు. ఈ ప్రశ్నలే మొదటి జల్లెడ.

నిర్ధారణకు రెండు దారులున్నాయి. వెన్ను నుంచి నీరు తీసి అందులో డోపమైన్ తాలూకు అవశేషాలను కొలవటం ఒకటి. నీరు తీయగానే గడ్డకట్టించి ప్రత్యేకమైన ల్యాబ్‌కు పంపాలి, ఆ సదుపాయం అన్నిచోట్లా ఉండదు. ఎల్-డోపా మొదలుపెట్టాక తీస్తే లెక్క తారుమారవుతుంది కాబట్టి చేయదలచుకుంటే ముందే చేయాలి. రెండోది జన్యు పరీక్ష. ఇప్పుడు ఇదే తేలికైన దారి. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అరుదైన వ్యాధుల జాతీయ కేంద్రాల్లో ఒకటిగా పనిచేస్తున్నాయి. మాత్ర పనిచేసినా జన్యు పరీక్ష చేయించటం మంచిది. చిన్న వయసులో వచ్చే పార్కిన్సన్స్ కూడా ఇదే మాత్రకు లొంగుతుంది, దాని భవిష్యత్తు వేరు. పైగా తర్వాతి కాన్పు గురించి చెప్పగలిగేది ఆ పరీక్షే.

మేనరికం ప్రస్తావన ఇక్కడ తప్పదు. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ లోపం రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోప జన్యువులూ బిడ్డకు చేరాలి. ఒక్కటే ఉన్న తల్లిదండ్రులకు ఏ ఇబ్బందీ ఉండదు, తెలియనే తెలియదు. మేనమామను, మేనబావను చేసుకున్న చోట ఇద్దరిలోనూ అదే లోప జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. అలా ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ముప్పు ఉంటుంది. ‘మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదు’ అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. సెగావా జబ్బు వేరు. దానికి ఒక్క లోప జన్యువు చాలు. అదున్నా కొందరికి ఏమీ కాదు, ఆడపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. అందుకే ఇంట్లో నడివయసులోనే వణుకు, బిగుతు వచ్చిన మేనత్తో, అమ్మమ్మో ఉంటే ఆ సంగతీ వైద్యుడికి చెప్పాలి. మీ అత్తగారు ‘మా వంశంలో ఇలాంటివి లేవు’ అని తోసిపుచ్చినా సరే, ఒకసారి కదిపి చూడండి.

నిర్ధారణ అయిన పిల్లల విషయంలో మరో జాగ్రత్త కూడా ఉంది. వాంతులకు విరివిగా వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్. మానసిక సమస్యలకు వాడే హాలోపెరిడాల్ లాంటివి డోపమైన్ పనిని అడ్డుకుంటాయి. ఇప్పటికే కొరతతో ఉన్న బిడ్డకు ఇవి ఇస్తే ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. ఫైలు మొదటి పేజీలో ఈ పేర్లు పెద్ద అక్షరాలతో రాయించి ఉంచుకోండి. ఊరు వెళ్లినప్పుడు రాత్రిపూట వాంతులైతే పక్కవీధి క్లినిక్‌లో మొదట వేసే సూది ఇందులో ఒకటి కావటానికి ఎక్కువ అవకాశం ఉంది.

ఇక మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, బంధువుల్లోనో అలాంటి బిడ్డ ఉంటే ఈ వారంలోనే చేయదగిన పని ఒకటుంది. దానికి ఖర్చేమీ లేదు. ఫోన్‌తో వీడియో తీయండి. పొద్దున నిద్ర లేచిన పావుగంటకు ఒకటి, బడి నుంచి వచ్చాక ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి. మధ్యాహ్నం నిద్రపోతే లేచాక ఇంకొకటి. చెప్పులు లేకుండా, పాదాలు, మోకాళ్లు కనిపించేలా, పది అడుగులు వెళ్లి తిరిగి వచ్చేలా నడిపించండి. నడవలేని బిడ్డయితే కూర్చోబెట్టి బొమ్మ అందుకోమనండి. కనుగుడ్లు పైకి తిరిగిపోతుంటే అదీ తీయండి, ఎంతసేపు ఉందో గడియారం చూసి రాయండి. ఇలా మూడు రోజులు చాలు. వైద్యుల ఓపీ సమయం ఎక్కువగా పొద్దున పూటే కదా, అప్పటికి ఈ పిల్లలు బాగానే కనిపిస్తారు. ఆ సాయంత్రపు వీడియో లేకపోతే వైద్యుడికి సగం బిడ్డే కనిపిస్తుంది.